తుప్పు వదిలిన ఇనుము

నిఘంటువులు తిరగవేసేవారికి ఒక సంగతి తెలుసు. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. ఇనుముకు పట్టేది త్రుప్పు. రెండూ లోహానికి గాలివల్ల, తేమవల్ల కలిగే మాలిన్యాలే అయినా మన పూర్వులు రెంటినీ ఒకే మాటతో పిలవలేదు. త్రుప్పులోని రేఫను నోటివాడుకలో జారవిడిచి నేడు మనం తుప్పు అంటున్నాం. సంస్కృతంలో ఇనుప మాలిన్యానికి మండూరమని పేరు. అమరకోశం దానిని లోహమలంగానే లెక్కించింది. వైద్యులు మాత్రం ఆ మలాన్నే వెదకి తెచ్చారు. ఏళ్ళ తరబడి నేలలో పడి ఉన్న ఇనుప చిట్టెం ఎంత పాతదైతే అంత శ్రేష్ఠమని ఎంచి, శుద్ధిచేసి, పుటం పెట్టి, మండూర భస్మమనే పేరుతో పాండురోగానికి ఔషధంగా ఇచ్చారు.

ఇరవై అయిదేళ్ళకు పైగా ప్రాచీన సాహిత్యం బోధిస్తున్న నాకు తుప్పుతో ఉన్న పరిచయం మొన్నమొన్నటి వరకు ఇంతమాత్రమే. ఒక పాత కారు నన్ను గ్రంథాల నుండి షెడ్డుకు నడిపించింది. ఆ షెడ్డులో నేను నేర్చుకున్నదాన్ని, నేర్చుకున్న తరువాత నాలో స్థిరపడిన అభిప్రాయాన్ని ఇక్కడ చెప్పదలచాను.

పోచంపల్లి అనగానే ఎవరికైనా రెండు విషయాలు స్ఫురిస్తాయి. మొదటిది, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన ఘట్టం. రెండవది, చిటికి కట్టి నూలుకు రంగులద్ది నేసే చీర. ఈ రెండవదానికి చెందినవాడు మా మేనమామ. ఆయన నేతగాడుగా మొదలై, చీరల వర్తకుడై, 1974లో హైదరాబాదులో ఒక వైద్యుని వద్ద పాత అంబాసిడర్ కారును కొన్నాడు. అది 1967లో నమోదైన బండి. మా ఊరికీ నగరానికీ మధ్య దూరం యాభై కిలోమీటర్ల లోపే. అయినా చీరల మూటలు బస్సు పైకప్పు మీద వేస్తే వానకు తడిసి రంగులు పాడయ్యే రోజులవి. వెనుక సీటు పీకివేసి, అక్కడ మూటలు పేర్చి, ముందు సీటులో నన్ను ఇరికించుకొని ఆయన కోఠీకి బయలుదేరేవాడు. నేను మొదటిసారి హైదరాబాదును చూసింది ఆ కారు అద్దంలో నుండే.

1996లో మామయ్య కంటిచూపు మందగించింది. కారు పెరటిలోని వేపచెట్టు కింద ఆగిపోయింది. అప్పటినుండి పాతికేళ్ళు అది అక్కడే ఉన్నది. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టాయి. పిల్లలు దాని మీదెక్కి మామిడికాయలు తిన్నారు. మామయ్య కాలం చేసిన తరువాత పాత సామానుల వర్తకుడొకడు కాటాతో సహా వచ్చి, కిలో లెక్కన ధర చెప్పాడు. తూకమెంత వస్తుందో వేళ్ళ మీద లెక్కవేసి, ‘సగం తుప్పే గద సారూ’ అని కొంత తగ్గించాడు కూడ. అత్తయ్య నా వంక చూసింది. ఆ చూపుకు లొంగి, ‘నేను బాగుచేయిస్తాను’ అన్నాను. చేతినుండి మాట జారినంత సులభంగా పని జరగదని అప్పుడు తెలియదు.

నిజానికి ఆ కారులో సగం తుప్పు కాదు. ఇనుము తుప్పు పట్టాలంటే ప్రాణవాయువూ నీరూ రెండూ కావాలి. గాలి ఉండి తేమ లేకపోతే, తేమ ఉండి గాలి తగలకపోతే ఆ పని సాగదు. నీటిలో ఉప్పు కరిగి ఉంటే వేగం హెచ్చుతుంది. అందుచేతనే విశాఖలోనో మచిలీపట్నంలోనో సముద్రపు గాలికి అయిదారేళ్ళలో చిల్లులు పడే రేకు, నల్లగొండ మెట్టనేలల పొడిగాలిలో చాలాకాలం నిలుస్తుంది. వర్షాభావమని మనం వగచే ఈ ప్రాంతమే మామయ్య కారును కాపాడింది. పైకప్పు, బానెట్టు దాదాపు చెక్కుచెదరలేదు. రంగు వెలిసి, అక్కడక్కడ గోధుమవన్నె పొడలు మాత్రం కనిపించాయి.

హాని జరిగినచోటు వేరు. ప్రతి తలుపు అడుగున లోపలికి దిగిన వాననీరు పోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. పాతికేళ్ళు రాలిన వేపాకు ఆ రంధ్రాలను మూసివేసింది. లోపల చేరిన నీరు ఎండిపోలేక, ఆకుతోపాటు కుళ్ళి, తలుపు అడుగురేకును లోపలినుండి తినివేసింది. అదే విధంగా నేలరేకు మీద పరచిన కొబ్బరిపీచు చాప తేమను పట్టి ఉంచింది. చాప ఎత్తితే కింద రేకు లేదు. ఎఱ్ఱని పొరలు మాత్రమే ఉన్నాయి. పైకి కనిపించే తుప్పు కంటె కనబడని తుప్పే ప్రమాదకరమని ఆనాడే అర్థమైంది.

ఇక్కడ తుప్పు స్వభావాన్ని కొంత వివరించాలి. అల్యూమినియంపై ఏర్పడే ఆక్సైడు పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని, లోపలి లోహానికి కవచమవుతుంది. ఇనుము తుప్పు అలాంటిది కాదు. అది పుట్టిన ఇనుము కంటె ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోతుంది. దూది వలె తేమను పీల్చుకొని, కింది ఇనుమును మళ్ళీ గాలికీ నీటికీ అప్పగిస్తుంది. పైన రంగు పూసినా ఈ క్రియ ఆగదు. రంగు పొర కింద చిన్న బొబ్బ లేస్తుంది. బొబ్బ పగిలేనాటికి లోపల పని ముగిసి ఉంటుంది.

నేను కారును మొదట అప్పగించిన షెడ్డువారికి ఈ సంగతి తెలియక కాదు. తెలిసీ చేశారు. తలుపుల అడుగున చిల్లుపడినచోట పలుచని రేకుముక్క పెట్టి, దానిమీద లప్పం మెత్తి, నునుపుగా గీకి, రంగు కొట్టారు. వెనుక కమాన్ పట్టీలను గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి తీశారు. పట్టీలు వెండివలె మెరిశాయి. కారు ఇంటికి వచ్చిననాడు అత్తయ్య కొబ్బరికాయ కొట్టించింది. మూడు నెలలు తిరగకముందే చౌటుప్పల్ దారిలో, గుంతలైనా లేని చదునైన రోడ్డు మీద, పిస్తోలు పేలినట్లు శబ్దమై వెనుక పట్టీ విరిగింది. కారు ఒక పక్కకు ఒరిగి, అదృష్టవశాత్తు మట్టిలోకి దిగి ఆగింది. పక్కన అత్తయ్య ఉన్నది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా గుండె జల్లుమంటుంది.

కారును లాగించి తెచ్చిన మెకానిక్కు నా పూర్వవిద్యార్థి. ఇంటర్ రెండవ సంవత్సరంలో తెలుగు తప్ప తక్కినవన్నీ తప్పి, చదువు మాని, హయత్‌నగర్ దగ్గర షెడ్డులో పనికి కుదిరినవాడు. ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. విరిగిన పట్టీ అంచును నాకు చూపించి, ‘సార్, స్ప్రింగు ఉక్కును ఆసిడ్‌ల ముంచితే లోపలికి గ్యాసు దూరుతది. పైకి ఏం కనబడదు గని పెళుసైతది’ అన్నాడు. అతడు గ్యాసు అన్నది ఉదజని. ఆమ్లం ఇనుముతో చర్య జరిపినపుడు వెలువడే ఉదజని అణువులుగా కలిసి బుడగలై పోవడానికి ముందే, పరమాణువుల రూపంలో కొంత ఉక్కులోకి చొచ్చుకుపోతుంది. మెత్తని రేకుకు దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. గట్టిదనం కోసం పదును పెట్టిన ఉక్కు మాత్రం భారం మోస్తూ మోస్తూ ఒకనాడు హఠాత్తుగా పగులుతుంది. ఈ విషయం ఏ రసాయనశాస్త్ర పాఠంలో చదివాడని అడిగాను. ‘చదవలే సార్, నా చేతుల మీద రెండు విరిగినయి’ అన్నాడు.

అతడు చేసిన మొదటి పని రంగు వేయడం కాదు. మునుపటి రంగును, లప్పాన్ని ఊడబెరకడం. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్లు వేరుగా చట్రం ఉండదు. నేలరేకు, తలుపుల కింది పెట్టెదూలాలు, పైకప్పు, స్తంభాలు అన్నీ కలిసే బండికి అస్థిపంజరం. కనుక తలుపు కింది దూలంలో తుప్పును లప్పంతో కప్పడమంటే విరిగిన ఎముక మీద చందనం పూయడమే. నా అభిప్రాయం ఇక్కడ నిష్కర్షగా చెబుతాను: బరువు మోసే భాగంలో తుప్పును కప్పిపుచ్చి రంగువేసి అమ్మేవాడు చేసేది పనితనపు లోపం కాదు, నేరం. అందమైన రంగును చూసి మురిసి, అడుగున స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడకుండా డబ్బు చెల్లించిన నావంటివారికి ఆ నేరంలో కొంత భాగముంది.

దూలాల విషయంలో ఆ యువకునికి జాలి లేదు. తుప్పు తిన్నంత మేరకు, ఆపైన మంచి ఇనుము తగిలేదాకా మరొక రెండంగుళాలు కోసివేసి, కొత్త రేకు వంచి అతికాడు. లోపలి బోలులో రంగు చేరదు గనుక మైనం కలిపిన నూనెను గొట్టంతో చిమ్మాడు. తలుపుల రంధ్రాలను తీగతో శుభ్రంచేసి, ‘ఇవి మూసుకపోకుంట చూస్కొండ్రి సార్, సగం కారు దీంట్లనే ఉన్నది’ అన్నాడు.

తక్కిన భాగాల దగ్గర మాత్రం అతని పద్ధతి వేరు. బ్రాకెట్లు, సీటు పట్టాలు, బానెట్టు కీలు, జాకీ, చక్రపు దిమ్మెలు వంటివి ఇరవై ముప్ఫై ఉన్నాయి. వాటిని అరగదీస్తే తుప్పుతోపాటు మంచి ఇనుమూ పోతుంది; అంచులు, తయారీ ముద్రలు చెరిగిపోతాయి. వాటిలో కొన్నింటిని అతడు ప్లాస్టిక్ తొట్టిలో చాకలి సోడా కలిపిన నీటిలో వేలాడదీశాడు. బ్యాటరీకి చార్జి ఎక్కించే యంత్రపు ఋణధ్రువాన్ని తుప్పుపట్టిన భాగానికీ, ధనధ్రువాన్ని పనికిరాని ఇనుప పలకకూ తగిలించాడు. సన్నని బుడగలు లేచాయి. రాత్రి గడిచేసరికి ఎఱ్ఱని తుప్పు నల్లని మడ్డిగా మారి, బ్రష్షుతో రాస్తే ఊడివచ్చింది. మంచి ఇనుము ఒక్క రవ్వయినా తరగలేదు.

ఈ పద్ధతి తేలికగా ఉన్నదని ఎవరూ అజాగ్రత్తగా తలపెట్టరాదు. లేచే బుడగలలో మండే ఉదజని ఉంటుంది; మూసిన గదిలో చేస్తే నిప్పురవ్వతో పేలుతుంది. సోడాకు బదులు ఉప్పు వేస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలు తగిలిస్తే అందులోని క్రోమియం విషరూపంలో నీటిలో కలుస్తుంది. కమాన్ పట్టీలను ఈ తొట్టిలోనూ వేయరాదు, ఉదజని భయం ఇక్కడా ఉంటుంది గనుక. వాటిని అతడు తీగ బ్రష్షుతో చేతనే రుద్దాడు.

నన్ను ఆశ్చర్యపరచింది రెండవ తొట్టి. అందులో నల్లని, చిక్కని, తియ్యని పులుపు వాసన వేసే ద్రవమున్నది. పశువుల దాణా అమ్మే దుకాణం నుండి తెచ్చిన చెరకు మడ్డి అది. చక్కెర మిల్లులవారు దానినే మొలాసిస్ అంటారు. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళ నీరు కలిపి, తుప్పు భాగాలను అందులో వేసి రెండు మూడు వారాలు వదిలివేశాడు. కరెంటు లేదు, ఆమ్లపు పొగ లేదు. మడ్డిలోని పదార్థాలు తుప్పులోని ఇనుమును పట్టుకొని నీటిలోకి దింపుతాయి. లోహంగా ఉన్న ఇనుము జోలికి దాదాపుగా పోవు. దేశదేశాల పాత కార్ల ప్రియులు ఈ ఉపాయాన్ని వాడుతున్నారట. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. అతడు లేనప్పుడు, మంచి పనే కదా అని, తలుపు పిడి ఒకటి ఆ తొట్టిలో పడవేశాను. పిడి ఇనుము కాదు. జింకు మిశ్రమలోహం మీద క్రోమియం పూత. పదిరోజులకు దానిపై మశూచి మచ్చలవంటి గుంటలు పడ్డాయి. మడ్డి ఇనుమును మన్నిస్తుంది గాని జింకునూ అల్యూమినియాన్నీ మన్నించదు. ఆ పిడికి జత నేటికీ దొరకలేదు.

మడ్డి తొట్టి వాసన నాకు ఎక్కడో తగిలినట్లు అనిపించి, రెండు రోజులు తెలియలేదు. పిమ్మట గుర్తుకు వచ్చింది. విద్యార్థులను విహారయాత్రకు తీసుకొనిపోయి శ్రీకాళహస్తిలో కలంకారీ చిత్రకారుల ఇంట చూసిన కుండ అది! కలంకారీలో నల్లని గీతకు వాడే రంగును కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం, తాటిబెల్లం కలిపిన నీటిలో వేసి, కుండ మూతికట్టి వారాల తరబడి మాగబెడతారు. బెల్లం పులిసి తుప్పును కరిగిస్తుంది. ఆ నీటిని, కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెట్టిన బట్టపై కలంతో గీస్తే, ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి చూస్తుండగానే నల్లబడతాయి.

షెడ్డులో జరిగేదీ కుండలో జరిగేదీ ఒకే తరహా పని. చెరకు తీపి పులిసిన నీరు తుప్పును తనలోకి తీసుకుంటున్నది. చిత్రకారుడు నీటిని ఉంచుకొని ఇనుమును పారవేస్తాడు. మెకానిక్కు ఇనుమును ఉంచుకొని నీటిని పారవేస్తాడు. అంతేకాదు, బజారులో తుప్పును నల్లని గట్టిపొరగా మార్చే మందులు సీసాలలో అమ్ముతారు. వాటిలో చాలావాటికి ఆధారం టానిక్ ఆమ్లం. కరక్కాయ వగరు కూడ ఆ జాతిదే. వందల ఏళ్ళుగా మన రంగులవాళ్ళ చేతిలో ఉన్న విద్య ఇది. దానిని కళ అని ఒక పుస్తకంలో, రసాయనశాస్త్రమని మరొక పుస్తకంలో, మెకానిక్కు పనిని ఏ పుస్తకంలోనూ చేర్చకుండ మనం విడదీశాం. ఆ కుర్రవాడు కసిమి పేరు వినలేదు. కలంకారీ చిత్రకారునికి కమాన్ పట్టీలతో పనిలేదు. ఇద్దరి మధ్య ఉండవలసిన ఉపాధ్యాయునికి, అంటే నాకు, రెండూ తెలియవు.

ఇక తుప్పు తీసే పనిలో మనుషుల మాట. పెద్ద భాగాలను శుభ్రం చేయడానికి గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మే పద్ధతి ఉన్నది. గంటలో పని తేలుతుంది. పలుచని రేకు మీద చిమ్మితే అది వంకరపోతుందని యజమానులు భయపడతారు. చిమ్మేవాని ఊపిరితిత్తులను గురించి భయపడినవారిని నేను తక్కువగా చూశాను. ఏటి ఇసుకలోని స్ఫటికపు ధూళి శ్వాసతో లోపలికి చేరితే సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది; దానికి నివారణే తప్ప చికిత్స లేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకొని పనిచేసే పిల్లవానికి ఆ తువ్వాలు ఏ రక్షణా ఇవ్వదు. గార్నెట్ రజను వంటి తక్కువ హానిగల పదార్థాలున్నాయి, గాలి అందించే శిరస్త్రాణాలున్నాయి, ఖర్చు కొంత ఎక్కువ. పాత రంగులలో సీసం కూడ ఉంటుంది కనుక పొడిగా గీకితే ఆ ధూళీ విషమే, తడిపి గీకాలి. లక్షలు వెచ్చించి పాతకారును మెరిపించుకొనే వేడుకలో, ఆ మెరుపు ఎవరి శ్వాసతో వచ్చిందని అడగడం యజమాని బాధ్యత. నా షెడ్డులో ఇసుక చిమ్మించలేదు. అందువల్ల పని ఎనిమిది నెలలు ఆలస్యమైంది.

మరొక చర్చ మిగిలింది. తుప్పును ఎంతవరకు తీయాలి? అంతా తీసి, ప్రతి గుంటనూ పూడ్చి, కారును షోరూములోని బండివలె చేయాలనేవారు ఎక్కువ. అందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటి ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజోరె సరస్సులో ఉన్నది. 1925 నాటి బుగాటి కారు ఒకటి 1936 నుండి ఆ సరస్సు అడుగున ఉండిపోయింది. 2009లో దానిని పైకి తీశారు. ఒక పక్క రేకంతా తుప్పు తిని పోయింది. 2010లో పారిస్ వేలంలో అది రెండు లక్షల అరవై వేల యూరోలకు పైగా పలికింది. కొన్న కాలిఫోర్నియా మ్యూజియంవారు దానిని బాగుచేయకుండా తుప్పుతోనే ప్రదర్శించారు. ప్రపంచ పాతవాహనాల సమాఖ్య కూడ 2012లో ఆమోదించిన టురిన్ ఒప్పందపత్రంలో వీలైనంత తక్కువ మార్పుతో అసలు పదార్థాన్ని నిలుపుకోవాలనీ, చేసిన ప్రతి మార్పునూ రాసి ఉంచాలనీ కోరింది.

మన హైదరాబాదులోనూ చూడదగినవి ఉన్నాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్న పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912లో తయారైంది. ఆయన అంతకు ముందు ఏడాదే మరణించాడు. సింహాసనం అమర్చిన ఆ కారు చాలా కొద్ది దూరమే తిరిగింది. ఇప్పుడది చౌమహల్లా ప్రాసాదంలో ఉన్నది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనప్పుడు నడిచిన ఆల్బియన్ బస్సులలో ఒకటి దక్కన్ క్వీన్ పేరుతో ఆర్టీసీవారి బస్ భవన్‌లో నిలిచింది. రాజుగారి కారు కంటె నాకు ఈ బస్సు మీద మక్కువ ఎక్కువ. అందులో కూర్చున్నవారు మనవంటివారు.

తుప్పు విషయం రాగానే ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుపస్తంభాన్ని తలచుకోవడం ఆనవాయితీ. పదహారు వందల ఏళ్ళనాటి ఆ స్తంభం ఎండకూ వానకూ నిలిచి ఉన్నది. పూర్వుల మహిమ అని చేతులు జోడించి ఊరుకోవడం కంటె కారణం తెలుసుకోవడం మేలు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దానివల్ల పైన ఏర్పడిన పలుచని పొర గట్టిగా అతుక్కొని కవచమైందని కాన్పూరు ఐఐటీకి చెందిన ఆచార్య ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. అంటే అక్కడ తుప్పే తుప్పును ఆపింది! చూడవచ్చినవారంతా కౌగిలించుకొంటూ ఉండడంవల్ల ఆ పొర అరగసాగింది గనుక 1997లో చుట్టూ కంచె వేశారు. మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ముచ్చుల్లో కరిగించిన ఉక్కును పారశీక వర్తకులు కొని పోయేవారు. ఆ ఊరి కొలుములు చల్లారిపోయాయి. మన చేతికి మిగిలింది స్తంభాన్ని పొగిడే అలవాటు.

కాబట్టి నా అభిప్రాయం రెండు పాయలుగా ఉన్నది. బరువు మోసేచోట, బ్రేకు గొట్టాలలో, స్టీరింగు కీళ్ళలో తుప్పుతో రాజీ కూడదు. అక్కడ పాతదనం మీద ప్రేమ ప్రాణం మీదికి తెస్తుంది. ప్రాణాపాయం లేనిచోట మాత్రం చేయి ఆపాలి. తుప్పు వదలగానే ఆ ఇనుము మీద కనిపించే చిన్న గుంటలను పూడ్చకుండ, తడి పూర్తిగా ఆర్చి, ఆ రోజే జింకు ఫాస్ఫేటు ప్రైమరు పూసి వదలవచ్చు. ఆ రోజే అనడం ఎందుకంటే, శుభ్రపడిన ఇనుము గాలికి ఎంత ఆకలిగా ఉంటుందో! భోజనానికి వెళ్ళి వచ్చేసరికి దానిపై పసుపు చల్లినట్లు కొత్త తుప్పు లేచింది. నా విద్యార్థి విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. నేను పరీక్షా పత్రాలను అంత ఓర్పుతో రెండవసారి దిద్దిన గుర్తు లేదు.

ప్రభుత్వం కూడ 2021లో పాత వాహనాల విషయంలో రెండు నిర్ణయాలు చేసింది. కాలం చెల్లిన బండ్లను తుక్కుగా మార్చే విధానం ఒకటి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని వాహనాలను ప్రత్యేక వర్గంగా నమోదు చేసుకొనే నిబంధన రెండవది. రెండూ అవసరమే. పొగ చిమ్మే ప్రతి డొక్కు బండీ వారసత్వ సంపద కాదు. అయితే రెండవదాని రుసుము ఇరవైవేల రూపాయలు. సంపన్నుల గ్యారేజీలోని కారుకు ఆ మొత్తం లెక్కలోనిది కాదు. చీరల మూటలు మోసిన మామయ్య కారువంటి వాటిని నిలుపుకోదలచిన ఇంటికి అది భారమే. ఊళ్ళలోని పాత ట్రాక్టర్లు, జీపులు, టెంపోలు ఈ గడ్డ బతుకును మోసినవి; వాటిలో ఒకటి రెండయినా మిగలాలంటే రుసుము తగ్గించవలసి ఉంటుంది.

మా కారు నేలరేకును విప్పినప్పుడు వెనుక సీటు ఉండవలసిన చోట ఒక పాత అతుకు బయటపడింది. గుండ్రని ఇనుప బిళ్ళను ఎవరో కమ్మరి కొలిమిలో కాల్చి, నాలుగు రివెట్లతో బిగించాడు. మూటల బరువుకు కుంగినచోట మామయ్య వేయించినదై ఉండాలి. కంపెనీ వేసినది కాదు గనుక తీసివేయాలని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. గుచ్చి చూస్తే గట్టిగా ఉన్నది. దాని తుప్పును మాత్రం తీయించి, నూనె పట్టించి, ఉన్నచోటనే ఉంచాం.

పని ముగిసిన తరువాత మడ్డి తొట్టిలోని నీటిని పారబోయబోతుంటే, మామయ్యతోపాటు నేత నేర్చిన పెద్దాయన ఒకరు చూసి ఆపారు. వేలు ముంచి, వాసన చూసి, ‘అల్లుడా, గిది కసిమి లెక్కనే ఉన్నది గద! జర ఆగు’ అన్నారు. ఇంటికి వెళ్ళి, కరక్కాయ రసంలో నానవేసి ఎండబెట్టిన నూలు చిలప ఒకటి మరునాడు తెచ్చారు. పైన తేలిన జిడ్డును పక్కకు తోసి, చిలపను నీటిలో ముంచి ఎత్తారు. నూలు మెల్లగా నల్లబడింది. ఆయన దానిని ఎండకు పట్టి చూసి పెదవి విరిచారు. ‘నలుపు కాదు, బూడిద రంగొచ్చింది. ఇంకో పదిరోజులు ఊరనియ్యి’ అన్నారు.

తొట్టి ఇంకా పెరటిలో వేపచెట్టు కిందనే ఉన్నది. అత్తయ్య దాని వాసన భరించలేక ఆ పక్క కిటికీ తెరవడం మానుకున్నది.